లేస్తే కళ్లు తిరుగుతున్నాయా?

పడుకుని ఒకసారి, నిలబడి ఒకసారి బి.పి. చూపించుకుందాం

నేరేడుచర్ల చుట్టుపక్కల ఊళ్లకు నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు వస్తాయి. సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. ఆ తరువాత ఈ ప్రాంతంలో వరి బాగా పెరిగింది. వరి పెరిగితే నాట్లు పెరిగాయి. నాట్లు ఆడవాళ్ల పని.

నాటు వేసేటప్పుడు నడుం వంగే ఉంటుంది. తల గుండె కంటే కిందికి ఉంటుంది. కాళ్లు బురదలో దిగబడి ఉంటాయి. పైన ఎండ. ఒంటి నిండా చెమట. ఒక ముని అయిపోతుంది. నడుం పట్టేసిందని గబుక్కున పైకి లేస్తారు. అప్పుడు ఒక్కోసారి కళ్ల ముందు చీకటి కమ్ముతుంది. చెవుల్లో హోరు వినిపిస్తుంది. కాళ్లు తేలిపోతాయి. పక్కనున్న ఆమె భుజం పట్టుకుని నిలబడతారు. కాసేపటికి సర్దుకుంటుంది. మళ్లీ వంగుతారు.

"ఏం లేదు, లేస్తే కండ్లు తిరిగినయి" అని ఊరుకుంటారు. కొందరు దిష్టి తగిలిందంటారు. కొందరు గాలి సోకిందంటారు. కొందరు నీరసం అంటారు. "ఆడోళ్లకు ఇది మామూలే" అనేవాళ్లు కూడా ఉన్నారు.

ఇది దిష్టి కాదు. గాలి కాదు. మన ఒంట్లో జరిగే ఒక మార్పు. దీన్ని కొలవవచ్చు. సూది గుచ్చకుండా, రక్తం తీయకుండా, పది నిమిషాల్లో కొలవవచ్చు. ఎలా కొలుస్తారో తెలుసుకుంటే మన కోసం మనమే అడగగలుగుతాం.

రక్తం ఎటు పోతుంది?

పెద్దవయసు ఆడమనిషి ఒంట్లో సుమారు నాలుగు, నాలుగున్నర లీటర్ల రక్తం ఉంటుంది. గుండె ఆ రక్తాన్ని ఒళ్లంతా తిప్పుతూ ఉంటుంది.

మనం పడుకున్నప్పుడు తల, గుండె, కాళ్లు అన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. అప్పుడు గుండెకు పని తేలిక. మడిలో నీళ్లు పారినట్లు రక్తం సాఫీగా పారుతుంది.

లేచి నిలబడితే లెక్క మారుతుంది. నీళ్ల పైపును కింద పెడితే నీళ్లు జోరుగా వస్తాయి. అదే పైపును తలపైకి ఎత్తి పట్టుకుంటే సన్నగా వస్తాయి. రక్తం కూడా అంతే. నిలబడగానే అర లీటరు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ రక్తం పొట్టలోకి, తొడల్లోకి, పిక్కల్లోకి దిగుతుంది. గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గుతుంది. తక్కువ వస్తే గుండె తక్కువే పంపగలదు. మెదడు ఉండేది గుండె కంటే జానెడు పైనే. అక్కడికి రక్తం ఎక్కాలి. కాసేపు సరిపోను అందకపోతే కళ్లు చీకట్లు కమ్ముతాయి. మరీ తగ్గితే తెలివి తప్పుతుంది.

గొంతుకు కూర్చుని అంట్లు తోమినా, బట్టలు ఉతికినా, కలుపు తీసినా ఇదే సంగతి. కూర్చున్నంత సేపూ కాళ్లు మడిచి ఉంటాయి. కాళ్లలో రక్తనాళాలు నొక్కుకుని ఉంటాయి. లేవగానే ఆ నొక్కు పోతుంది. రక్తం ఒక్కసారి కాళ్లలోకి దిగుతుంది. అందుకే కుర్చీలోంచి లేచినప్పటి కంటే గొంతుకు కూర్చుని లేచినప్పుడు కళ్లు ఎక్కువ తిరుగుతాయి.

మెడలో కాపలా

మరి లేచిన ప్రతిసారీ అందరూ పడిపోవాలి కదా? ఎందుకు పడిపోవడం లేదు?

ఒంట్లో కాపలా ఉంది. మెడకు రెండు పక్కలా, దవడ కింద పెద్ద రక్తనాళాలు ఉన్నాయి. వాటి గోడల్లో, గుండె పైనున్న పెద్ద రక్తనాళం గోడలో సన్నని నరాలు ఉంటాయి. రక్తం ఎంత జోరుగా నెడుతోందో ఈ నరాలు పసిగడతాయి. జోరు తగ్గగానే మెదడుకు కబురు పంపుతాయి. మెదడు రెండు పనులు చేయిస్తుంది. ఒకటి, గుండెను వేగంగా కొట్టుకోమంటుంది. రెండు, కాళ్లలో, పొట్టలో రక్తనాళాలను బిగించమంటుంది. ఇదంతా కొన్ని సెకన్లలో జరిగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నవారికి అర నిమిషం లోపే అంతా సర్దుకుంటుంది.

పిక్కలు కూడా సాయం చేస్తాయి. బోరింగు కొట్టినప్పుడు పైకి వచ్చిన నీళ్లు మళ్లీ కిందికి పోకుండా లోపల వాల్వు ఆపుతుంది. మన కాళ్ల రక్తనాళాల్లో కూడా అలాంటి చిన్న వాల్వులు ఉన్నాయి. నడిచినప్పుడు పిక్క కండలు బిగుస్తాయి. రక్తాన్ని పైకి నెడతాయి. వాల్వులు దాన్ని కిందికి జారనీయవు. బురదలో కదలకుండా నిలబడితే ఈ పంపు ఆగిపోతుంది. కవాతులో గంటలకొద్దీ కదలకుండా నిలబడిన జవాన్లు కూడా అందుకే ఒక్కోసారి కుప్పకూలుతారు. వాళ్లు బలహీనులు కాదు కదా!

ఎండ ఎక్కువైతే చర్మం కింది రక్తనాళాలు వదులవుతాయి. చెమటతో నీరు, ఉప్పు పోతాయి. అప్పుడు కాపలా ఎంత పిలిచినా పంపడానికి సరిపడా రక్తం ఉండదు.

గుచ్చకుండా కొలవడం ఎలా వచ్చింది?

రక్తం ఎంత జోరుగా నెడుతోందో దాన్ని రక్తపోటు అంటారు. అందరూ బి.పి. అంటారు. మొదట్లో దీన్ని కొలవడం చాలా క్రూరంగా ఉండేది.

ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే పాదిరి ఉండేవాడు. ఆయన ఒక ఆడగుర్రాన్ని కట్టి పడుకోబెట్టాడు. దాని రక్తనాళం కోసి పొడవైన గాజు గొట్టం పెట్టాడు. రక్తం ఆ గొట్టంలో 8 అడుగుల 3 అంగుళాల ఎత్తుకు ఎక్కింది. ఈ సంగతి ఆయన 1733లో అచ్చు వేయించాడు. రక్తానికి ఎంత జోరు ఉంటుందో లోకానికి తెలిసింది. కాని మనుషులను ఇలా కొలవలేరు కదా.

హైదరాబాదులో 1888, 1889లలో క్లోరోఫారం అనే మత్తుమందు మీద పెద్ద పరిశోధన జరిగింది. నిజాం ప్రభుత్వం ఖర్చు పెట్టుకుంది. మత్తు ఎక్కినప్పుడు శ్వాసకు, గుండెకు ఏమవుతుందో చూశారు. అప్పుడు కూడా జంతువుల రక్తనాళాలను కోసే రక్తపోటు కొలిచారు. ఆ పరిశోధనలో పాల్గొన్న డాక్టర్లలో ఒక మహిళ ఉంది. ఆమె పేరు రూపాబాయి ఫర్దూన్జీ. ఆడపిల్లల చదువు అరుదైన ఆ రోజుల్లో ఆమె హైదరాబాదులోనే వైద్యం చదువుకుంది.

కోయకుండా కొలిచే సులువైన పద్ధతిని 1896లో ఇటలీ డాక్టరు రివా-రోచి చూపించాడు. ఆయన సైకిలు ట్యూబును పట్టీలా చేసి జబ్బకు చుట్టాడు. గాలి కొట్టి బిగించాడు. మణికట్టు దగ్గర నాడి ఆగిపోయింది. మెల్లగా గాలి వదిలాడు. నాడి మళ్లీ తగిలినప్పుడు పాదరసం ఎంత ఎత్తున ఉందో చూసి రాసుకున్నాడు. ఆ పద్ధతిలో పై అంకె ఒక్కటే తెలిసేది.

1905లో రష్యా డాక్టరు కొరొత్కోవ్ ఇంకొక అడుగు వేశాడు. పట్టీ కింద, మోచేతి మడత దగ్గర స్టెతస్కోపు పెట్టి విన్నాడు. గాలి వదులుతుంటే టక్ టక్ మని చప్పుడు మొదలైంది. కాసేపటికి చప్పుడు ఆగింది. మొదలైనప్పుడు ఉన్నది పై అంకె. ఆగినప్పుడు ఉన్నది కింది అంకె. నూరేళ్లు దాటినా డాక్టర్లు ఇలాగే వింటున్నారు. ఇప్పుడు చప్పుడు వినే పని లేకుండా అంకెలు చూపే మిషన్లు కూడా వచ్చాయి. పాదరసం విషం కాబట్టి పాదరసం మిషన్లను మెల్లగా తీసేస్తున్నారు.

120/80 అంటే ఏమిటి?

చీటీ మీద 120/80 అని రాసి ఉంటే రెండు అంకెలూ చదవాలి. 120 అంటే గుండె ముడుచుకుని రక్తాన్ని నెట్టినప్పటి జోరు. 80 అంటే గుండె వదులై కాసింత సేదదీరినప్పటి జోరు.

120 అనేది ఒక ఎత్తు. రక్తం ఆ జోరుతో పాదరసాన్ని 120 మిల్లీమీటర్లు, అంటే 12 సెంటీమీటర్లు పైకి ఎత్తగలదు. పాదరసం చాలా బరువు. అదే జోరుతో నీళ్లనైతే 5 అడుగులకు పైగా ఎత్తవచ్చు. గుప్పెడంత గుండె పగలూ రాత్రీ చేసే పని ఇది.

పడుకుని ఒకసారి, నిలబడి రెండుసార్లు

దవాఖానలో సాధారణంగా కూర్చోబెట్టి ఒక్కసారే బి.పి. చూస్తారు. చాలామందికి అది సరిపోతుంది. కాని లేస్తే కళ్లు తిరిగే మనిషికి అది సరిపోదు. కూర్చున్నప్పుడు అంకె బాగానే ఉంటుంది. "బి.పి. మంచిగనే ఉన్నది" అని పంపించేస్తారు. జబ్బు మాత్రం నిలబడినప్పుడే బయటపడుతుంది.

అందుకే ఇలా కొలవాలి.

1. బల్ల మీద వెల్లకిలా 5 నిమిషాలు కదలకుండా పడుకోవాలి. మాట్లాడకూడదు.

2. పడుకుని ఉండగానే బి.పి. చూడాలి. నాడి లెక్క పెట్టాలి. రెండూ రాసుకోవాలి.

3. లేచి నిలబడాలి. పక్కన ఒక మనిషి ఉండాలి. పడబోతే పట్టుకోవాలి.

4. నిలబడిన 1 నిమిషానికి మళ్లీ చూడాలి.

5. 3 నిమిషాలకు ఇంకోసారి చూడాలి.

6. ఈ మధ్యలో కళ్లు బాగా తిరిగితే పరీక్ష ఆపాలి. వెంటనే పడుకోవాలి.

నిలబడలేని వారికి పడుకుని ఒకసారి, కూర్చుని ఒకసారి చూస్తారు.

లెక్క చూద్దాం

ఇప్పుడు తీసివేత చేయాలి. పడుకున్నప్పటి అంకెలో నుంచి నిలబడినప్పటి అంకె తీసేయాలి.

ఒక ఆమెకు పడుకుంటే 120/80. నిలబడితే 114/84. పై అంకె 6 తగ్గింది. కింది అంకె 4 పెరిగింది. నాడి 74 నుంచి 86 అయింది. ఇది మంచి లెక్క. ఆమె ఒంట్లో కాపలా బాగా పని చేస్తోంది.

ఇంకొక ఆమెకు పడుకుంటే 140/86. నిలబడితే 116/78. పై అంకెలో తేడా ఎంత? 140లో 116 తీసేస్తే 24. ఇది ఎక్కువ. నిలబడిన 3 నిమిషాల లోపు పై అంకె 20 గాని అంతకంటే ఎక్కువ గాని తగ్గితే, లేదా కింది అంకె 10 గాని అంతకంటే ఎక్కువ గాని తగ్గితే డాక్టరు చూడాలి. 1996లో డాక్టర్ల సంఘాలు కూర్చుని ఈ హద్దు పెట్టాయి. ఇప్పటికీ అదే హద్దు.

మూడో ఆమెకు రెండు రోజులుగా విరేచనాలు. పడుకుంటే నాడి 80. నిలబడితే 118. తేడా 38. నిలబడగానే నాడి 30కి మించి పెరిగితే ఒంట్లో నీరు గాని రక్తం గాని బాగా తగ్గి ఉండవచ్చు. బి.పి. అంకె ఇంకా బాగానే ఉన్నా గుండె పరుగెత్తి దాన్ని నిలబెడుతోందని అర్థం. ఆలస్యం చేయకూడదు.

కొలతలో తప్పులు

తూకంలో మోసం ఉంటే ధాన్యం లెక్క తప్పుతుంది. కొలతలో తప్పు ఉంటే మందు తప్పుతుంది. ఈ సంగతులు గుర్తుంచుకోవాలి.

చేయి గుండె ఎత్తున ఉండాలి. చేయి గుండె కంటే జానెడు కిందికి వేలాడితే సుమారు 15 పాయింట్లు ఎక్కువ చూపుతుంది. నిలబడి చూసేటప్పుడు ఇది మరీ ముఖ్యం. చేయి వేలాడేసి చూస్తే పడిపోయిన బి.పి. కూడా బాగున్నట్లే కనిపిస్తుంది. కాబట్టి చేతిని బల్ల మీద గాని, పక్కవారి చేతి మీద గాని రొమ్ము ఎత్తున ఆనించాలి. మన బలంతో చేయి చాచి పట్టుకోకూడదు.

పట్టీ బట్ట మీద కట్టకూడదు. జాకెట్ చేయి బిగుతుగా ఉంటే పైకి మడిస్తే జబ్బకు ఉరిలా బిగుస్తుంది. అప్పుడు కొలత తప్పుతుంది. బి.పి. చూపించుకోవడానికి వెళ్లే రోజు వదులు చేతుల జాకెట్ వేసుకుని వెళ్లడం మంచిది.

పట్టీ జబ్బకు సరిపోవాలి. లావు జబ్బకు చిన్న పట్టీ కడితే అంకె ఎక్కువ చూపుతుంది.

అర గంట ముందు నుంచి టీ తాగకూడదు. పొగాకు నమలకూడదు. చుట్ట, బీడీ తాగకూడదు. మూత్రం ఆపుకుని కూర్చోకూడదు. నడిచి వచ్చిన వెంటనే చూపించుకోకూడదు.

నాడి ఇంట్లోనే చూసుకోవచ్చు

బి.పి. మిషను అందరి ఇంట్లో ఉండదు. నాడి మాత్రం అందరి చేతిలోనూ ఉంది.

ఎడమ చేయి వెల్లకిలా పెట్టాలి. బొటనవేలు కింద, మణికట్టు మీద కుడిచేతి మూడు వేళ్లు మెత్తగా ఆనించాలి. టుక్ టుక్ మని తగులుతుంది. గడియారం గాని సెల్‌ఫోను గాని చూస్తూ 30 సెకన్లు లెక్క పెట్టాలి. వచ్చిన అంకెను రెండుతో హెచ్చవేయాలి. 38 వస్తే 76. అది ఒక నిమిషం నాడి.

5 నిమిషాలు పడుకుని ఒకసారి లెక్క పెట్టాలి. నిలబడి ఒక నిమిషం ఆగి మళ్లీ లెక్క పెట్టాలి. రెండూ కాగితం మీద రాసుకోవాలి. సమయం కూడా రాయాలి. ఆ కాగితం దవాఖానకు తీసుకుపోతే డాక్టరుకు ఎంతో పనికొస్తుంది. మెడ దగ్గర నాడి చూస్తామని దవడ కింద గట్టిగా నొక్కకూడదు. అక్కడ కాపలా నరాలు ఉన్నాయని చదువుకున్నాం కదా. నొక్కితే గుండె వేగం తగ్గి కళ్లు తిరగవచ్చు.

ఎవరు ఎక్కువ జాగ్రత్త పడాలి?

గర్భిణులు: కడుపుతో ఉన్నప్పుడు రక్తనాళాలు వదులవుతాయి. నడిమి నెలల్లో బి.పి. కొంచెం తగ్గుతుంది. నెలలు నిండే కొద్దీ ఇంకో సంగతి ఉంది. వెల్లకిలా పడుకుంటే బిడ్డ బరువు వెన్ను పక్కనున్న పెద్ద రక్తనాళం మీద పడుతుంది. కాళ్ల నుంచి రక్తం గుండెకు రాదు. పడుకునే ఉన్నా కళ్లు తిరుగుతాయి, చెమటలు పోస్తాయి, కడుపులో తిప్పుతుంది. వెంటనే ఎడమ పక్కకు తిరగాలి. నిమిషంలో సర్దుకుంటుంది. నెలలు నిండినవారికి పడుకోబెట్టి బి.పి. చూస్తే ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకోమనే చూడాలి. గర్భిణికి బి.పి. 140/90 గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే, తలనొప్పి, కళ్లు మసకలు, ముఖం వాపు ఉంటే అది వేరే ప్రమాదం. అప్పుడు వెంటనే దవాఖానకు పోవాలి.

రక్తం తక్కువ ఉన్నవారు: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉంది. రక్తం పలుచనైతే మెదడుకు అందే ప్రాణవాయువు తగ్గుతుంది. ముట్టులో ఎక్కువ రక్తం పోయేవారికి ఇంకా కష్టం. వీరు రక్తపరీక్ష చేయించుకోవాలి. ఐరన్ మాత్రలు డాక్టరు చెప్పినన్ని రోజులు వేసుకోవాలి.

బి.పి. మాత్రలు వేసుకునేవారు: కొన్ని మాత్రలకు నిలబడినప్పుడు బి.పి. మరీ దిగుతుంది. మూత్రం ఎక్కువ పోయించే మాత్రలకు, నిద్ర మాత్రలకు, మనోవ్యాధి మాత్రలకు కూడా ఇలా కావచ్చు. కళ్లు తిరుగుతున్నాయని సొంతంగా మాత్ర మానేయకూడదు. బి.పి. ఒక్కసారి పెరిగి పక్షవాతం రావచ్చు. డాక్టరుకు చెబితే మాత్ర గాని, మోతాదు గాని, వేసుకునే వేళ గాని మారుస్తారు.

షుగర్ ఉన్నవారు: ఏళ్ల తరబడి షుగర్ ఉంటే సన్నని నరాలు దెబ్బతింటాయి. కాపలా నరాలు కూడా దెబ్బతినవచ్చు. అప్పుడు బి.పి. పడిపోయినా గుండె వేగం పెరగదు.

ముసలివారు: వయసు మీద పడితే కాపలా మందగిస్తుంది. అత్తమ్మ రాత్రి మూత్రానికి లేస్తుంది. చీకట్లో గబుక్కున నడుస్తుంది. పడితే తుంటి ఎముక విరుగుతుంది. ఆ ఎముక విరిగి మంచాన పడిన ముసలివారు ఎంతోమంది. చాలాసార్లు కాలు జారిందని అనుకుంటాం. నిజానికి ముందు బి.పి. జారి ఉండవచ్చు.

కళ్లు తిరగకుండా ఏం చేయాలి?

మంచం మీద నుంచి ఒక్కసారే లేవకూడదు. ముందు కూర్చోవాలి. కాళ్లు కిందికి వేసి పాదాలు పది పదిహేనుసార్లు ఆడించాలి. ఆ తరువాత మెల్లగా నిలబడాలి. నిలబడిన చోటే కాసేపు ఆగి అప్పుడు నడవాలి.

నాటులో, కలుపులో లేచేటప్పుడు ముందు చేతులు మోకాళ్ల మీద పెట్టాలి. రెండు మూడు ఊపిరులు పీల్చాలి. తల చివరగా పైకెత్తాలి. నిలబడ్డాక పిక్కలు, పిడికిళ్లు గట్టిగా బిగించి వదలాలి. ఇలా చేస్తే కాళ్లలో రక్తం పైకి వస్తుంది.

పొలానికి నీళ్లు తీసుకుపోవాలి. దాహం వేసే దాకా ఆగకూడదు. పొద్దున వట్టి కడుపుతో పోకూడదు. అంబలి, గంజి, ఉప్పేసిన మజ్జిగ మంచివి. అయితే బి.పి., గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవారు ఉప్పు సంగతి డాక్టరును అడగాలి. పొలంలో చాటు లేదని, మూత్రం వస్తుందని చాలామంది ఆడవాళ్లు నీళ్లు తాగరు. చెమట పోతూ నీళ్లు తాగకపోతే కళ్లు తిరగక ఏం చేస్తాయి? నలుగురూ కలిసి ఒక చాటు చూసుకోవడం మంచిది. కల్లు గాని మందు గాని తాగినా రక్తనాళాలు వదులై కళ్లు తిరుగుతాయి.

పడిపోతే ఏం చేయాలి?

పడిపోయిన మనిషిని లేపి కూర్చోబెట్టకూడదు. నిలబెట్టకూడదు. చాలామంది ఇదే తప్పు చేస్తారు. కూర్చోబెడితే రక్తం మళ్లీ కిందికే పోతుంది. పడుకోబెట్టే ఉంచాలి. నీడకు తీసుకుపోవాలి. కాళ్లు ఎత్తి మూట మీద గాని గంప మీద గాని పెట్టాలి. బట్టలు వదులు చేయాలి. చుట్టూ మూగకూడదు. తెలివి వచ్చే దాకా నోట్లో నీళ్లు పోయకూడదు.

ఈ గుర్తులు ఉంటే 108కి ఫోన్ చేయాలి: నిమిషం రెండు నిమిషాలకు కూడా తెలివి రాకపోవడం, రొమ్ములో నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, దొడ్డికి నల్లగా పోవడం, ఒళ్లు కాలిపోతూ మాటలు పొంతన లేకపోవడం. నెల తప్పిన ఆడమనిషికి పొత్తికడుపులో నొప్పి వచ్చి కళ్లు తిరిగి పడిపోతే అసలు ఆగకూడదు. గర్భం సంచిలో కాకుండా పక్కన గొట్టంలో పెరిగి లోపల పగిలి ఉండవచ్చు. రక్తం బయటికి కనిపించదు. ప్రాణానికే ప్రమాదం.

పెద్ద పరీక్ష

కొందరికి ఎంత చూసినా కారణం దొరకదు. వారికి హైదరాబాదు వంటి నగరాల్లోని పెద్ద దవాఖానల్లో వాలు బల్ల పరీక్ష చేస్తారు. మనిషిని బల్ల మీద పడుకోబెట్టి పట్టీలతో కడతారు. తల వైపు పైకి లేచేలా బల్లను మెల్లగా వాలుస్తారు. మనిషి కాళ్లు కదపకుండానే దాదాపు నిలబడినట్లు అవుతుంది. వేలికి చిన్న పట్టీ తొడిగితే గుండె కొట్టుకున్న ప్రతిసారీ బి.పి. ఎంతో తెర మీద కనిపిస్తుంది. వేలితో కొలిచే ఈ పద్ధతిని 1973లో చెక్ శాస్త్రవేత్త పెనాజ్ చూపించాడు. ఇందులో కూడా సూది గుచ్చరు.

రోదసికి వెళ్లి వచ్చేవారికి కూడా లేచి నిలబడే పరీక్షలు చేస్తారు. అక్కడ బరువు తెలియదు. పైన, కింద అనే తేడా ఉండదు. నెలలు గడిస్తే కాపలా నరాలు పని మరచిపోతాయి. భూమికి దిగాక నిలబడితే కళ్లు తిరుగుతాయి. అందుకే వారిని పట్టుకుని దింపుతారు. రాకెట్‌లో వెళ్లిన మనిషి బి.పి. పడుకుని, నిలబడి కొలుస్తారు. నాటు మడిలో రోజంతా వంగి లేచే మనిషి బి.పి. కూడా అలాగే కొలవాలి.

అడగడం నేర్చుకుందాం

ఈ పరీక్షకు పెద్ద ఖర్చు లేదు. బి.పి. మిషను, ఒక బల్ల, ఒక గడియారం ఉంటే చాలు. ఊళ్లో ఉపకేంద్రంలో ఏఎన్ఎం దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇవి ఉంటాయి. ఇంకా పరీక్షలు కావాలంటే సూర్యాపేటలో ప్రభుత్వ పెద్ద దవాఖాన ఉంది. అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల 2019లో మొదలైంది.

దవాఖానలో ఇలా చెప్పవచ్చు:

"అమ్మా, లేస్తే కండ్లు తిరుగుతున్నయి. పండుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బి.పి. చూడరా? రెండు అంకెలు చీటీ మీద రాసియ్యండి."

ఇలా అడగడం తప్పు కాదు. చీటీ మీద రాసిన అంకెలు మనవి. వాటిని చదవడం మనకు వచ్చు. ఒకదానిలో నుంచి ఒకటి తీసివేయడం కూడా వచ్చు.

చెప్పండి చూద్దాం

1. గొంతుకు కూర్చుని లేస్తే కళ్లు ఎందుకు ఎక్కువ తిరుగుతాయి?

2. పడుకుంటే 132/84. నిలబడిన 3 నిమిషాలకు 110/76. పై అంకెలో తేడా ఎంత? డాక్టరుకు చూపించాలా?

3. నిలబడి బి.పి. చూసేటప్పుడు చేయి ఎక్కడ ఉండాలి? ఎందుకు?

4. నెలలు నిండిన గర్భిణి ఏ పక్కకు తిరిగి పడుకోవాలి?

5. కళ్లు తిరిగి పడిపోయిన మనిషిని ఎందుకు కూర్చోబెట్టకూడదు?

6. మీ ఇంట్లో పెద్దవారి నాడి పడుకున్నప్పుడు, నిలబడినప్పుడు లెక్క పెట్టి ఇక్కడ రాయండి:

పడుకుంటే ........ నిలబడితే ........ తేడా ........